కుడిచేతి పట్టీ

"అభినందనలు! మీ చేతి నరాలు భేషుగ్గా ఉన్నాయి" అని మా ఆయన ప్రహ్లాద్ మణికట్టు పట్టీ పాడేసరికి ఆనందంతో గెంతాను. నా జడ అల్లుతున్న ఆయన మాత్రం ఆగిపోయాడు.

"మరి ఈ బొటనవేలూ పక్కన రెండు వేళ్ళూ ఎందుకు తిమ్మిరెక్కుతున్నాయి? చిటికెనవేలొక్కటే బాగుంది. పాయ జారిపోయినా తెలీట్లేదు లాస్యా."

పెళ్ళయిన ఈ నెల్లాళ్ళుగా రోజూ నాకు జడ వేసేది ఆ చేతులే. ఇంట్లో కూర్చుని, గాల్లో వేళ్ళు కదిపి రేవులో క్రేన్లు నడిపేదీ అవే. ఆయన పనిచేసే కంపెనీ తాళం వేసిన ఆ పట్టీ సన్నటి కరెంటు పంపి నరాన్ని పరీక్షిస్తుంది. అది జబ్బుందని చెబితేనే డాక్టరు చూస్తాడు.

తిమ్మిరి ఎడమచేతికి. పట్టీ కుడిచేతికి. నాకు ఒళ్ళు మండిపోయింది. కంపెనీకి ఫోన్ చేశాను.

"నేను ప్రహ్లాద్ భార్యనండీ. ఆయనది ఎడమచేతి వాటం. ఆ చెయ్యి పరీక్షించండి."

"అందరికీ కుడిచేతికే కడతామండీ. కొత్త పెళ్ళికూతురు, శుభమా అని ఎడమచెయ్యంటారేటి?" అని నవ్వాడు అవతలి మనిషి.

"నరానికి శుభం, అశుభం తెలుసేటండీ? ఆ వేళ్ళు చచ్చుబడిపోతే మీరొచ్చి వేస్తారా నా జడ?"

ఫోన్ పెట్టేశాడు. ప్రహ్లాద్ నవ్వుతూ చెయ్యి విదిలించుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

"సగం జడ ఇలాగే ఉండనీ. రేపు పొద్దున్నే ఇద్దరం మీ ఆఫీసుకి వెళ్తున్నాం. పట్టీ విప్పి నీ ఎడమచేతికి కట్టేదాకా అక్కణ్ణించి కదలను."