నెత్తిన అక్షింతలు

ఆ రోజు ఇంట్లో అమ్మ, నాయనమ్మ, ఉయ్యాలలో తమ్ముడు ఉన్నారు. గోడమీది చెవిపెట్టెను కూడా మేము మనిషి కిందే లెక్కపెడతాం. గింజ లోపల పురుగు కొరికినా దానికి వినిపిస్తుంది. అది మోగితే గోదాము బండి వచ్చి ఇంట్లోని గింజలన్నీ పట్టుకుపోతుంది. పురుగు మనిషి ఒంటిమీద దొరికితే ఆ మనిషిని కూడా తీసుకుపోతారు. నిరుడు ఎదురింటి కమలాక్షిని అలాగే తీసుకుపోయారు. ఇంకా రాలేదు.

నేను సుగుణక్క పెళ్లి నుంచి వచ్చి గడప దాటగానే పెట్టె మోగింది. అమ్మ బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలియబెట్టింది. ఒక్క పురుగూ లేదు.

“పెళ్లిలో నెత్తిన ఏం చల్లారే?” అంది నాయనమ్మ.

“అందరూ పూలరేకులే చల్లారు. వాళ్ల ముసలమ్మ మాత్రం కొంగులోంచి నిజం బియ్యం తీసి, ‘ఇక నీదేనే పెళ్లి’ అని నా నెత్తిన వేసింది.”

అంతమందిలో వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాయనమ్మ నా జడ విప్పి పసుపు గింజలు ఏరసాగింది. ఎన్ని ఏరినా ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. పెట్టె ఆగలేదు. వీధి మలుపులో బండి హారన్ వినిపించింది.

“బయటికి పోవే తల్లీ,” అంది అమ్మ.

“అమ్మా, కమలాక్షిని...”

“డబ్బా పోతే పిల్లాడికి గంజి కూడా ఉండదే.”

అమ్మ నా ముఖం చూడలేదు. ఏరిన గింజలు నా గుప్పిట్లో పోసి, నా వేళ్లు ముడిచి, నన్ను గడప దాటించి తలుపు వేసింది. లోపల పెట్టె ఆగిపోయింది.