వానాకాలం సున్నం

ఆషాఢం పుట్టింట్లో గడిపి శ్రావణంలో అత్తారింటికి తిరిగొచ్చిన మర్నాడే కన్యాకుమారికి తలనొప్పి పట్టుకుంది. మందేమిటో ఆమెకు తెలుసు. గ్లాసెడు టీ. నరసన్నపేటలో తండ్రి కొట్టు తెరిచేలోగా వాళ్ళింట్లో రెండు విడతల టీ అయిపోయేది.

ఇక్కడ సూర్యుడు కనిపిస్తే గానీ పొయ్యి వెలగదు. మామగారు జగన్నాధం వాళ్ళ తాతకి ఎప్పుడో కళ్ళు మసకలు కమ్మాయట. చూపు తిరిగొస్తే, సూర్యుణ్ణి చూడకుండా మా ఇంట్లో నిప్పు రాజెయ్యబోమని అరసవల్లి స్వామికి మొక్కుకున్నాడట. చూపు ఆయనకొచ్చింది. మొక్కు ఇంటి ఆడవాళ్ళకి మిగిలింది.

ఎండాకాలం ఇబ్బంది లేదు. వానాకాలంలోనే సూర్యుడు ఏ పదింటికో పదకొండింటికో తీరిగ్గా మొహం చూపిస్తాడు. అసలు చూపించని రోజున జగన్నాధం మిట్టమధ్యాహ్నం మబ్బుకే దండం పెట్టి, "ఇక ఎలిగించండి" అనేవాడు. అందాకా చద్దన్నం, చన్నీళ్ళు.

"మా యమ్మ నలభై ఏళ్ళు నెగ్గించినాది ఈ మొక్కు," అనేవాడు రోజుకోసారి. "పొద్దు సూడకుండా గుక్కెడు ఎచ్చనీళ్ళయినా ముట్టినేదు. మొక్కు తప్పినోళ్ళకి నా గుమ్మంలో సోటు నేదు."

మొగుడు బంగారురాజు తండ్రి మాటకి తలూపడం తప్ప ఇంకేమీ ఎరగడు.

పదోరోజు తలనొప్పిలో కన్యాకుమారికి తొమ్మిదో తరగతి సైన్సు చెప్పిన ఉమాపతి మాస్టారు గుర్తొచ్చారు. "కొన్ని చర్యలు వేడిని బయటికి వదుల్తాయి, పొడిసున్నంలో నీళ్ళు పోసినట్టు. కొన్ని చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటాయి, నవాసాగరం కలిపిన నీళ్ళు చల్లబడినట్టు." తన మామగారు మొదటి రకమనీ, ముభావంగా తిరిగే అత్తగారు మహాలక్ష్మమ్మ రెండో రకమనీ కాపురానికొచ్చిన వారంలోనే ఆమెకు అర్థమైంది.

పెరటి చావిట్లో పీపా నిండా పొడిసున్నం ఉంది. మొక్కులో ఉన్నది నిప్పు. సున్నం నిప్పు కాదు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు పశువుల సాలలోకి వెళ్ళగానే కన్యాకుమారి ఓ బానలో సున్నం పోసింది. మధ్యలో నీళ్ళ చెంబు పెట్టి, మూత వేసి, చుట్టూ నీళ్ళు పోసింది. సున్నం బుసబుసలాడింది, పగిలింది, పొంగింది. చెంబులో నీళ్ళు కాగినంత పని చేశాయి. టీ పొడి, బెల్లం పడేసింది. దాన్ని టీ అంటే నరసన్నపేట ఒప్పుకోదు గానీ, తలనొప్పి ఒప్పుకుంది.

చిక్కల్లా మిగిలిపోయిన తడిసున్నంతోనే. పారబోస్తే కాలవంతా తెల్లబడుతుంది. కుంచె పట్టుకుని నూతి వెనక గోడకి కొట్టేసింది. ఆ రోజు మొదలు రోజూ అదే పని.

పక్కింటి చిన్నతల్లి బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మా, వానల్లో గోడకి సున్నం కొడతాదేటి మీ కోడలు?"

"దానికి సుబ్బరం ఎక్కువలే," అంది మహాలక్ష్మమ్మ.

ఓ రోజు అత్తగారు చావిడి గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"ఏటో వాసనేస్తన్నాది."

కన్యాకుమారి బానకి అడ్డంగా జరిగింది. "సున్నం అత్తా."

"ఊఁ. పీపా నిండుకుంటన్నాది, సూసినావా? కూర్మయ్యకి సెప్పినాను, రేపు ఇంకో గంప తెస్తాడు. గోడలున్న ఇంట్లో సున్నం నిండుకోకూడదని మా అత్త సెప్పీది."

ఇంత అమాయకురాలిని మోసం చేస్తున్నందుకు కన్యాకుమారికి జాలి కూడా వేసింది.

భాద్రపదంలో ముసురు పట్టింది. నూతి వెనక గోడ ఉబ్బింది. ఊళ్ళో సున్నం కాల్చే కూర్మయ్యే గోడపనీ చేస్తాడు. ఆ పొద్దున అతను సుత్తి, ఉలి పట్టుకొస్తే జగన్నాధం వెంటబెట్టుకుని పెరట్లోకి వచ్చాడు. కూర్మయ్య గోడ దగ్గరికి పోయాడు. జగన్నాధం చావిట్లో ఆవిర్లు కక్కుతున్న బాన దగ్గర ఆగిపోయాడు. చెంబు ముట్టుకుని, చురుక్కుమని చెయ్యి లాక్కున్నాడు. మూత తీశాడు. టీ వాసన గుప్పుమంది. పక్కనే ఉన్న కోడలికేసి తిరిగాడు.

"నిప్పెక్కడిదే?"

"నిప్పు నేదు మావా. సున్నంలో నీళ్ళు పోసినాను, అంతే. వేడి దానంతటదే వచ్చినాది."

"అయితే రోజూ గోడకి కొడతన్న సున్నం ఈ దొంగ టీదేనేటి?"

కన్యాకుమారి తల దించుకుంది.

"పెట్టె సర్దుకో. మజ్జానం బస్సుకి నీ మొగుడు నిన్ను నరసన్నపేటలో దింపీసి వస్తాడు. మా యమ్మ కడదాకా నెగ్గించిన మొక్కు! ఈ ఇంటి ఆడోళ్ళెవులూ ఇలాటి పని సెయ్యనేదు!"

ఒక్క మాట సాయమైనా వస్తుందేమోనని కన్యాకుమారి సాల గుమ్మంలో నిలబడ్డ అత్తగారికేసి చూసింది. మహాలక్ష్మమ్మ ఎవరికేసీ చూడటం లేదు. కూర్మయ్య ఉలి పెట్టిన గోడకేసే చూస్తోంది.

అప్పుడే ధబ్బుమని చప్పుడైంది. ఈ గొడవేదీ చెవిన పడని కూర్మయ్య, తాత తండ్రుల నాటి నుంచీ ఆ ఇంటికి సున్నం పోస్తున్నవాడు, ఊడొచ్చిన బెత్తెడు మందం పెచ్చుని రెండు చేతులా ఎత్తి, మురిసిపోతూ జగన్నాధం ముందుకు తెచ్చాడు.

"మా సున్నం ఎన్ని వానాకాలాలు కాసినాదో సూడండి బాబూ, పైన కాయితమంత పొర ఈ యమ్మది, దాని కింద అంగుళం మందం మాలచ్చమ్మగోరిది, అడుగున అంతకి రెట్టింపున్నాదే, అది మీ యమ్మగోరిది!"