మేడం బోల్తా హై

"ఏయ్! నీచే నహీ!"

లచ్చన్న ఉలిక్కిపడ్డాడు.

పొద్దుటి నుంచి అవాలిలోని ఓ ఇంటి గోడలకు రంగులు వేసి, గుమ్మం బయట నేల మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీశాడో లేదో, లోపలి నుంచి ఓ ముసలామె వచ్చి డబ్బా లాక్కుపోయింది.

తీసుకెళ్ళి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. కుర్చీ లాగి కూర్చోమంది. పక్కన ఓ చేప ముక్క కూడా వడ్డించింది.

"మేడం బోల్తా హై, పహ్లే కామ్‌వాలా ఖాతా హై."

పనివాడే ముందు తినాలని మేడం ఆజ్ఞ అట.

ముసలామె తెల్లతోలు మనిషే గానీ మాట్లాడేది గల్ఫ్ హిందీ. ఆ హిందీకి నిన్నా లేదు, మొన్నా లేదు. వచ్చినా, వస్తున్నా, రాబోతున్నా అన్నీ 'ఆతా హై'లే.

"మేడం కిధర్?" అన్నాడు లచ్చన్న.

ఆమె గోడ మీది పెద్ద పటం చూపించింది. నల్ల లేసు ముసుగు, చేతిలో విసనకర్ర, మెడలో ముత్యాలు. నల్ల ముసుగు బహ్రెయిన్‌లో వింతేమీ కాదు. కాకపోతే పటంలో అక్కడక్కడా రంగు పెచ్చులు లేచింది. అడిగితే లచ్చన్నే ఓ చెయ్యి వేసేవాడు.

"మేడం స్పెయిన్ హై. బడా ఘర్ హై. బీమారీ ఆతా హై. మేడం దర్వాజా ఖోల్తా హై, సబ్ కో ఖానా దేతా హై. ఛోటా బచ్చా మర్తా హై."

బీమారీ అంటే కరోనా అన్నమాట! జబ్బుపడ్డ ఊరికి తలుపులు తెరిచి అన్నం పెట్టింది, పాపం, చిన్న కొడుకును పోగొట్టుకుంది. అంత దొరసానికి ఎంత కష్టం వచ్చిందని లచ్చన్న మనసు చివుక్కుమంది.

అతను తిని లేచాక ముసలామె వంటింట్లో మిగిలింది తింది. లచ్చన్న తాత కూడా దొరగారి గడిలో ఇలాగే అందరూ తిన్నాక తినేవాడు.

'ఈమెది గూడ మన బతుకే' అనుకున్నాడు. ఆ రోజు నుంచి 'అవ్వా' అని పిలవసాగాడు.

ఓ రోజు బ్రష్షు పట్టుకునే ఏడ్చేశాడు.

"క్యా హై?" అంది ముసలామె.

వచ్చీరాని హిందీలో చెప్పుకున్నాడు. ఊళ్ళో భార్య రమకు నెలలు నిండాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, అప్పుడూ తను ఇక్కడే ఉన్నాడు. ఈసారి ఆపరేషన్ అంటున్నారు. ఈ ఇంటి పని అయ్యేదాకా లీవు లేదన్నాడు ఫోర్మన్ పోశన్న.

"మీ మేడంతోని ఒక్క మాట చెప్పు అవ్వా!"

ఆమె పటం వైపు చాలాసేపు చూసింది.

"బోల్తా హై" అంది.

మర్నాడు సల్మాబాద్ లేబర్ క్యాంపులో బస్సెక్కబోతుంటే పోశన్న చెయ్యి పట్టి ఆపాడు.

"అవాలి మేడం మనకు వీసాలిచ్చిన కఫీల్‌కు ఫోన్ జేసిందట. రంగులకు తొందర లేదు, నిన్ను ఇంటికి తోలుమని ఒకటే పోరట. యల్లా, సామాన్ సదురుకో!"

ఎయిర్‌పోర్టుకు పోయేముందు లచ్చన్న అవాలికి పరుగెత్తాడు.

"మీ మేడం మా పాలిటి దేవత అవ్వా! నా దండం చెప్పు."

"బోల్తా హై" అని నవ్వింది ముసలామె.

రమ దక్కింది. ఆడపిల్ల దక్కింది. ఆ పసిగుడ్డును మొట్టమొదట ఎత్తుకున్నది లచ్చన్నే. ఎత్తుకున్న ప్రతిసారీ, ఎక్కడో స్పెయిన్‌లో ఉన్న దొరసానికి మనసులోనే చేతులు జోడించాడు.

తిరిగి వచ్చేటప్పుడు మేడంకు సిద్దిపేట గొల్లభామ చీర కొన్నాడు. అవ్వ కోసం రమ ఓ డబ్బా నిండా తీపి గర్జెలు చేసిచ్చింది.

అవాలి ఇంటి ముందు లారీ ఆగి ఉంది. ఆ ఇంటి డ్రైవర్, మన వైపువాడే అయిన గులాం మొహియుద్దీన్ దగ్గరుండి సామాను ఎక్కిస్తున్నాడు.

"అవ్వ ఏది భాయ్?"

"పోయింది, లచ్చన్నా. నిద్రలనే పోయింది. ఆఖరి దినాలల్ల గూడ 'లచ్చన్న బచ్చా ఆతా హై?' అని నన్ను అడుగుతుండె."

లచ్చన్న గర్జెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఆ గుమ్మం బయటే నేల మీద కూలబడి ఏడ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చోమనేవాళ్ళు లేరు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచాడు. కూలీలు పటానికి దుప్పటి చుడుతున్నారు.

"కనీసం మేడంకన్న దండం పెట్టుకోవాలె భాయ్. ఈ చీర ఎట్ల పంపాలె?"

మొహియుద్దీన్ చీర వైపు చూశాడు. పటం వైపు చూశాడు.

"ఆ పటంలున్నామె మా తాతలు పుట్టకముందే పోయింది. ఆ కాలంల కలరా వస్తే ఊరందరికి తన చేతితోని గంజి పోసిందట. పనోళ్ళు తిన్నంకనే ఇంటామె తినాలని వాళ్ళ ఖాందాన్‌కు రివాజు పెట్టింది గూడ ఆమెనే."



"మరి... కఫీల్‌కు ఫోన్ జేసిందెవరు భాయ్?"

"ఈ ఇంట్ల ఇంకెవరున్నరు లచ్చన్నా, నువ్వు అవ్వా అని పిలిచిన దొరసాని తప్ప!"