ఓడినవాడే వండాలి

"సీజన్ షురువయ్యి రెండు వారాలైంది. ఇప్పుడొచ్చి టీం కావాల్నంటే యాడికెల్లి తెచ్చేది కాకా?" నవ్వాడు సురేందర్.

"అడుగురా. అడిగితే పోయేదేముంది?" అన్నాడు భూమయ్య.

శుక్రవారం. డ్యూటీ లేదు. మస్కట్‌కు గంటల దూరాన ఉన్న దుక్మ్ పోర్టు క్యాంపు గదిలో ఏసీకి చప్పుడే తప్ప చల్లదనం లేదు.

ఆట సంగతి ఇదీ. ఐపీఎల్ మ్యాచ్‌లు ఇండియాలో జరుగుతుంటాయి. మస్కట్‌లోని ఘుబ్రాలో ఉండే మన తెలంగాణ కుర్రాళ్లు కొందరు ఆ ఆటగాళ్లను ఫోన్ గ్రూపులో పంచుకుని తలా ఒక ఉత్తుత్తి టీం కట్టుకున్నారు. మనం తీసుకున్నవాడు నిజం మ్యాచ్‌లో కొడితే పాయింట్లు మనకు. ఒకరు తీసుకున్నవాడిని ఇంకొకరు తీసుకోకూడదు. పందెం డబ్బుల్లేవు. షరతు ఒకటే. అందరికంటే కింద మిగిలినవాడు ఫైనల్ నాడు ఘుబ్రా రూముకు వెళ్లి అందరికీ వండిపెట్టాలి.

కంపెనీ ఇటు తోలకముందు సురేందర్ ఆ రూములోనే ఉండేవాడు. అందుకే వాడికీ ఒక టీం ఉంది. మొన్నొకరోజు గ్రూపులో వచ్చిన వాయిస్ మెసేజ్‌లు పెట్టుకుని పడీపడీ నవ్వుతుంటే, పక్క మంచం మీద భూమయ్య లేచి కూర్చున్నాడు. అప్పటినుంచీ ఇదే పట్టు. బ్యాటు ఎటువైపు పట్టుకుంటారో తెలియని మనిషికి టీం కావాలట.

కసురుకోవడానికి సురేందర్‌కు మనసు రాలేదు. ముసలాయన ఎవరితో కలవడు. ఆరేళ్ల కింద ఊళ్లో భార్య దేవవ్వ పోతే కంపెనీ సెలవివ్వలేదు. పోర్టు పని ఆగకూడదు కదా, పెళ్లాం పోతే పోనీ. చావును ఫోన్‌లో చూశాడు. చితికి కొడుకు కొరివి పెట్టకముందే అవతలినుంచి ఎవరో ఫోన్ కట్ చేశారు. ఆ తర్వాత ఊరి మొహమే చూడలేదు.

"సరే, నువ్వే మాట్లాడు. గ్రూపుకు పెద్ద జితేందర్ అని, మంచి పిలగాడు." సురేందర్ ఫోన్ చేతికివ్వబోయాడు.

భూమయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నాకు సిగ్గైతది. నువ్వే చెప్పు. పేరు గంగన్న అని చెప్పు."

"నీ పేరు భూమయ్య గద?"

"ఇంట్ల గట్లనే పిలుస్తుండ్రి. చెప్పరాదు!"

సురేందర్ చెప్పాడు. కాసేపటికే జవాబు మోగింది.

"ఏం సురేందరన్నా, సగం సినిమా అయినంక టికెట్ అడుగుతున్నవ్! సరే, పెద్దమనిషి అంటున్నవ్ గద. మేం ఇడిసిపెట్టినోళ్లల్లకెల్లి పదకొండుగురిని ఏరుకొమ్మను."

భూమయ్య మంచం అంచుకు జరిగాడు.

"దెబ్బ తగిలి ఇంటికి పోయినోడు ఎవడన్న ఉన్నడా?"

"ఒక బౌలర్ ఉన్నడు. మోకాలు పోయింది."

"వాణ్ని తీస్కో. బెంచి మీదికెల్లి లేవనోళ్లు?"

"ముగ్గురున్నరు."

"ముగ్గురినీ తీస్కో."

సురేందర్ తలెత్తి చూశాడు. మొదట్లో అయితే ఎవడు ఆడతాడో, ఎవడు కూలబడతాడో దేవుడికే తెలియాలి. ఆలస్యంగా వచ్చినవాడికి అంతా కళ్లముందే ఉంటుంది.

"కాకా, ఎవడన్న గెలువనీకి ఆడుతడు. నువ్వు వంట చెయ్యనీకి ఆడుతున్నవా ఏంది?"

"అవ్."

"గంటలకు గంటలు బస్సుల కూసొని పోయి, మొఖం తెల్వనోళ్లకు వండుతవా?"

"మటన్ల దోసకాయ ఏసి వండుత. దేవవ్వ లెక్క. ఒక్కపూట తిననియ్యిరా."

సురేందర్ మిగతా ఏడుగురినీ అలాంటివాళ్లనే ఏరాడు. టీం పంపాడు.

వెంటనే జితేందర్ నవ్వు. "గంగన్న కాకా, గిదేం టీమే! దవాఖాన వార్డు లెక్కుంది. నా టీంల కెల్లి ఒక మంచి ఓపెనర్‌ను ఇస్తున్న, ఉంచుకో. నవ్వులపాలు గావద్దు."

"తీస్కోకు కాకా. వాడొస్తే నీ వంట ఎగిరిపోతది," అన్నాడు సురేందర్.

నిజమే. ఆ ఒక్కడు కొట్టినా ఆఖరి స్థానం చెయ్యి జారుతుంది. భూమయ్య ఫోన్ దగ్గరికి ఇంకాస్త జరిగాడు.

"తీస్కుందాం. పిలగాడు ఇస్తాంటే వద్దంటమా?"

ఆ మెసేజ్ మళ్లీ పెట్టమన్నాడు. విన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు.

ఇంతలో ఇంకోటి వచ్చింది. "కాకా ఫొటో పంపన్నా. అందరి ఫొటోలు గ్రూపుల పెడుతున్న."

"ఫొటో వద్దు," అన్నాడు భూమయ్య గట్టిగా.

"పెండ్లిచూపులా కాకా, గింత సిగ్గువడుతున్నవ్!"

భూమయ్య అటు తిరిగి బియ్యం కడగడం మొదలుపెట్టాడు. "కాకా!" అని పిలిచాడు సురేందర్. తిరిగి చూశాడు. ఫోన్ క్లిక్కుమంది.

గిన్నె వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "పంపినవా? తీసెయ్‌రా! జల్ది తీసెయ్!"

"యాడ తీస్త? చూసిండు గూడ."

ఇద్దరూ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నారు. ఈసారి గొంతు రాలేదు. రెండు ముక్కలు రాసి పంపాడు జితేందర్. సురేందర్ పైకి చదివాడు.

"ఆ టీం తీసేసిన. ఫైనల్ నాడు నువ్వొక్కనివే రా, ఆయన్ను తోల్కరాకు."

సురేందర్ నోరెళ్లబెట్టాడు. "వీనికేమైంది? ఇప్పటిదాక కాకా, కాకా అన్నడు గద!"

భూమయ్య ఫోన్ తీసుకుని తన ఫొటో చూసుకున్నాడు. తల ముగ్గుబుట్టలా అయింది. ముందరి పళ్లు రెండు లేవు. ఎండకు తోలు మాడి చెంపలు గుంటలు పడ్డాయి. ఎప్పుడో కలిసి పనిచేసినవాళ్లే ఎదురుపడితే పోల్చుకోరు.

కొడుకు మాత్రం ఒక్క చూపులో గుర్తుపట్టాడు.