పొరలు కుదిరిన సంబంధం

కోనసీమలో ఏ ఇంటి గచ్చును కాలి వేలితో తట్టినా, కింద భూమి పొరలన్నీ అద్దంలోంచి చూసినట్టు కనిపించే రోజులవి. చమురు తోడటం మానేసి తరాలు గడిచాయి. జాతకాల బదులు పొరలు చూసి పెళ్లి ఖాయం చేయడం మాత్రం ఆచారమైపోయింది.

కొడుకుతో పెళ్లిచూపులకొచ్చిన పేరిందేవి, పెళ్లికూతురు వారిజ వాళ్ల గచ్చు తట్టి చూసి మొహం ముడుచుకుంది.

"మీ ఇంటికింద నల్లటి బురదరాయండీ అన్నయ్యగారూ. మాదేమో ఇసకరాయి. ఎక్కడ కలుస్తాయండీ?" అంది వారిజ తండ్రితో.

పెళ్లికొడుకు పూతరేకు నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోయాడు. వారిజకి అతను నచ్చాడు. దాంతో సిగ్గు పక్కన పెట్టేసింది.

"రెండూ ఒకే సముద్రం అడుగున పేరుకున్నవేనండీ. చమురు పుట్టింది మా బురదరాతిలో. పెద్దదయ్యాక వెళ్లి కాపురమున్నది మీ ఇసకరాతిలోనండీ, అత్తయ్యగారూ!"

పేరిందేవి గచ్చుకేసి చూసింది, పిల్లకేసి చూసింది.

"అలా వెళ్లడానికి దానికి ఎన్నాళ్లు పట్టిందే?"

"కోట్ల ఏళ్లండి."

"అమ్మో!" అంటూ పేరిందేవి పకపకా నవ్వేసింది. "అన్నాళ్లు మేం ఆగలేమండీ అన్నయ్యగారూ. మాఘంలోనే ముహూర్తం పెట్టించేయండి."