వీధి మలుపు దాకా

"ఇంకా పెద్ద మోత రావాలి" అంది పెద్దావిడ.

మెకానిక్ ఇంజన్ ఆపి ఆవిడను ఎగాదిగా చూశాడు. బండి ఆగినా షెడ్డు మీది రేకులు ఇంకా అదురుతున్నాయి.

"అమ్మా, ఇది ముసలి బండి. మీ ఆయన ఉన్నన్నాళ్లూ కంపెనీ సైలెన్సర్ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. పిల్లిలా నడిచేది. దాన్ని ఊడబెరికి ఈ గొట్టం బిగించమంటున్నారు. ఆయన పైనుంచి చూసి చెవులు మూసుకుంటాడు."

"ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. నీ పని నువ్వు చూడు."

పక్కనే నిలబడ్డ కొడుకు పగలబడి నవ్వాడు. "మా అమ్మకు నేనంటే ప్రాణం అన్నా. నేను అడగనే లేదు. తనే లాక్కొచ్చింది."

"కనబడుతూనే ఉంది" అని గొణిగాడు మెకానిక్.

ఆ పాత సైలెన్సర్ ఊడదీయడానికే అతనికి పొద్దంతా పట్టింది. తుప్పు పట్టిన నట్లు నూనె తాగాయి, మంట తిన్నాయి, అయినా కదల్లేదు. ఆఖరిది తిప్పుతుంటే కీచుమంది. "ఈ స్టడ్ తెగిందంటే ఇంజన్ హెడ్డు మొత్తం విప్పాలి. తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు కసిగా. ఎందుకు దయ తలచిందో, అది తెగకుండానే వచ్చింది.

కొత్త గొట్టం పొట్టిగా, లావుగా మెరిసిపోతోంది. దాని లోపల మోత తగ్గించే చిన్న గొట్టం ఇంకొకటి ఉంది.

"ఇదొక్కటీ ఉంచుతాను. చుట్టుపక్కల మనుషులు బతకాలిగా."

"తీసెయ్."

"తీసేస్తే కార్బొరేటర్‌లో జెట్ కూడా మార్చాలి. లేకపోతే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా తుపాకీ పేలినట్టు పేలుతుంది."

"పేలనీ."

మెకానిక్ నోరు వెళ్లబెట్టాడు. ఆవిడ బండి స్టార్ట్ చేయించి, గొడుగు ఊతంగా పట్టుకుని రోడ్డు చివరిదాకా నడిచింది. మలుపు తిరిగి కనబడకుండా పోయింది. కాసేపటికి తిరిగొచ్చి, "ఇప్పుడు సరిపోయింది" అంది.

"బంగారం కొన్నా ఇంత గీటి చూడరమ్మా" అన్నాడు మెకానిక్. ఆవిడ నవ్వలేదు.

వారం తిరక్కుండానే వీధి భగ్గుమంది. ఆదివారం పొద్దున్నే లెక్కల మాస్టారు నలుగుర్ని వెంటేసుకుని గుమ్మం ముందుకొచ్చాడు.

"మొన్నటిదాకా మీవాడొస్తే కుక్క కూడా లేచేది కాదు. మలుపు దగ్గరే ఇంజన్ ఆపేసి, వాలులో జారుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడేంటమ్మా, ఊరేగింపా?"

"పెట్రోలు మిగుల్చుకునే రోజులు పోయాయి మాస్టారూ. కొత్త మోజు కదా, గుమ్మం దాకా వాయించుకుంటూనే వస్తాడు."

"సిగ్గు లేకుండా ఎలా చెబుతోందో చూడండి! రేపే ఆ పాత సైలెన్సర్ పెట్టించండి."

"పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాను."

"అయితే పోలీసులకు చెబుతాం."

"చెప్పండి. బండి నా పేరు మీదే ఉంది. వచ్చి నన్నే తీసుకుపొమ్మనండి."

గుంపులోంచి ఎదురింటావిడ ముందుకొచ్చింది. కొత్త కాపురాలప్పటి నుంచీ ఒకరి వంటింట్లో ఇంకొకరు తిరిగినవాళ్లు.

"వదినా, మా చంటిది ఉలిక్కిపడి లేస్తోంది. కడుపున పుట్టినవాడే, కాదనను. మరీ ఇంత గుడ్డి గారాబమా? పోనీ నీ కోడలి మొహమైనా చూడు. నోట్లో నాలుక లేని పిల్ల. ఈ సిగ్గుమాలిన మోతకు తలెత్తుకోలేక, బిడ్డతో సహా గడప దాటడమే మానేసింది."

"నా కోడలి ఊసు నీకెందుకు? మీ చంటిదాని చెవుల్లో దూది పెట్టుకో."

ఎదురింటావిడ మొహం పాలిపోయింది. "మళ్లీ నీ గుమ్మం తొక్కితే ఒట్టు" అని వెళ్లి, ధడాలున తలుపేసుకుంది. పగలు ఎప్పుడూ మూసి ఎరగని తలుపు అది.

గుంపు విడిపోతుంటే మాస్టారు వెనక్కి తిరిగాడు. "వాణ్ణి చెడగొట్టింది నువ్వేనమ్మా."

అన్నిటికీ పెడసరంగా జవాబిచ్చిన పెద్దావిడ ఆ మాటకు వంగి చీపురు అందుకుని, అప్పటికే ఊడ్చిన అరుగును మళ్లీ ఊడ్చింది.

ఆ పూట నుంచి ఆవిడతో మాట్లాడేవాళ్లు లేరు. కిరాణా కొట్టతను సరుకు బల్ల మీద పడేసి మొహం తిప్పుకున్నాడు. పిల్లలు ఆవిడకు మోత ముసలమ్మ అని పేరు పెట్టారు. ఆవిడ వినబడనట్టే నడిచిపోయేది.

ఒకరోజు వీధి దీపాలు వెలిగే వేళకు మలుపు దగ్గర బండి చప్పుడైంది. ఎదురింట్లో చంటిది కెవ్వుమంది. కిటికీలు టపటపా మూసుకున్నాయి. "వచ్చాడమ్మా, గారాల కొడుకు!" అని ఎవరో గట్టిగా శాపనార్థాలు పెట్టారు.

ఆ శాపనార్థాలు పూర్తయ్యేలోపే పెద్దావిడ పొయ్యి ఆర్పి, మనవరాలిని ఎత్తి, చెంప మీద గాయం ఇంకా మానని కోడలి భుజాన వేసి, ఇద్దర్నీ పెరటి తలుపులోంచి బయటికి పంపి, లోపల గడియ బిగించి, తాగి తూలుతూ రాబోయే కొడుక్కి ఎదురుగా వీధి గుమ్మంలో తానొక్కతే నిలబడింది.