మీటరు తిరగని నెల

"ఈసారి మెసేజ్ రాలే బిడ్డా. జర చూడు."

సాయిలు సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి శిరీష ముందు పెట్టాడు. హైటెక్ సిటీలో ఆమె పనిచేసే మేడకు అతను సెక్యూరిటీ గార్డు. నెలంతా దవాఖానలో ఉండి కన్నుమూసిన భార్య నర్సమ్మకు దినాలు చేసి, భుజాలు జారేసుకుని ఆ రోజే డ్యూటీకి వచ్చాడు.

రెండేళ్ల కింద కూతురు జ్యోతి ఏదో యాప్ చేస్తానని క్లౌడ్‌లో ఒక కంప్యూటర్ కిరాయికి తీసుకుంది. నడిపిన గంటలకే బిల్లు. పిల్ల ఆపడం మరిచింది. నెల తిరిగేసరికి తండ్రి ఖాతాలో పద్దెనిమిది వేలు ఎగిరిపోయాయి.

"నా ఇంట్ల ఉండకు, పో!" అన్నాడు సాయిలు.

పోయింది. తన ఈ ల్యాప్‌టాప్ కూడా వెంట తీసుకుపోలేదు. నర్సమ్మే దాన్ని చీరలో చుట్టి దాచి, పాడైపోతుందని నెలకోసారి చార్జింగ్ పెట్టేది.

పిల్ల కబురు లేదంటే మాత్రం సాయిలు ఒప్పుకోడు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ క్లౌడ్ బిల్లు కింద ఖాతాలోంచి ఏ నలభయ్యో యాభయ్యో పోయినట్టు మెసేజ్ వచ్చేది. పరుగున శిరీష దగ్గరికి వచ్చేవాడు.

"ఎవరన్న నడిపితేనే మీటరు తిరుగుతది గదా?"

"అంతే కాకా. ఆపేస్తే బిల్లే లేదు."

ఒకసారి నర్సమ్మనూ వెంట తెచ్చాడు. ఏది నొక్కితే నడుస్తదో, ఏది నొక్కితే ఆగుతదో ఆమె రెండేసి సార్లు అడిగింది.

"నువ్వేమన్న కంపెనీ పెడ్తవానే?" అని నవ్వాడు సాయిలు. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర ఒకటే కోతలు. "నా బిడ్డ మబ్బులల్ల మిషన్ నడుపుతది. వాన గూడ ఆమెనడిగే పడ్తది!" డబ్బులు పోయినందుకు పదిమందికి టీ పోయించిన మనిషి ఆ చుట్టుపక్కల అతనొక్కడే.

శిరీష తెర చూసి తల అడ్డంగా ఊపింది. "పోయిన నెల ఎవరూ నడపలేదు కాకా."

సాయిలు టోపీ తీసి చేతిలో నలిపాడు. "యాడికెల్లి నడిపిందో కనిపిస్తదంటివి గదా. ఎతుకుతున్ననని తెలిస్తే అది గూడ బంద్ చేస్తదేమోనని ఇన్నొద్దులు అడగలే. ఇయ్యాల చెప్పు. ఏ ఊరైనా పోత. కాళ్లు మొక్కి తెచ్చుకుంట. అమ్మ లేదని చెప్పాలె గదా బిడ్డా."

శిరీష ఆ వరుసలన్నీ పైనుంచి కిందికి చదివింది. మళ్లీ చదివింది. తెరను మెల్లగా అతనివైపు తిప్పింది.

"అన్నిసార్లూ నడిచింది ఈ ల్యాప్‌టాప్ నుంచే, కాకా."